పిలిస్తేనే డెస్క్‌టాప్ రావాలి, ఎలా?

సందేహం: 2 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వేశానండి. పాటలు, ఫొటోలు దాచుకునే సర్వర్‌లాగా ఓ మూలన పడుంటుంది, దాని స్క్రీన్ చూసేది ఎప్పుడో వారానికోసారి. ఆన్ చేయగానే కాకుండా నేను అడిగినప్పుడే డెస్క్‌టాప్ వచ్చేలా పెట్టొచ్చా? మా ఫ్రెండేమో డెస్క్‌టాప్ మొత్తం అన్‌ఇన్‌స్టాల్ చేసేయమంటున్నాడు.

జవాబు: ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? డెస్క్‌టాప్‌ని అలాగే ఉంచండి, బూట్ అయ్యేటప్పుడు ఎక్కడిదాకా వెళ్లి ఆగాలో చెప్తే చాలు. టెర్మినల్‌లో 'సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ మల్టీ-యూజర్.టార్గెట్' అని కొట్టి (అన్నీ ఇంగ్లిష్ చిన్నక్షరాలే, సుడో అంటే అడ్మిన్ హక్కులతో చేయమని) రీస్టార్ట్ చేయండి, ఇక నల్ల స్క్రీన్ మీద లాగిన్ అని మాత్రమే అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డ్ పోయిందని కంగారుపడకండి. పాత రోజుల్లో దీనికే ఇనిట్‌ట్యాబ్ అనే సెట్టింగుల ఫైల్ తెరిచి రన్‌లెవెల్ (ఎక్కడిదాకా బూట్ అవ్వాలో చెప్పే అంకె) 5ని 3 చేసేవాళ్లం.

డెస్క్‌టాప్ కావాలనుకున్నప్పుడు 'సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ లైట్‌డీఎమ్' అని కొడితే (లైట్‌డీఎమ్ అంటే లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్) మామూలు లాగిన్ స్క్రీనే వస్తుంది, పనైపోయాక స్టార్ట్ బదులు స్టాప్ అనండి, కానీ తెరిచున్నవన్నీ అక్కడికక్కడే మూతపడతాయి కాబట్టి ముందు సేవ్ చేసుకోండి. ఎంత ర్యామ్ మిగిలిందో రెండు స్థితుల్లోనూ 'ఫ్రీ -హెచ్' కొట్టి మీరే చూసుకోవచ్చు.

'స్టార్ట్‌ఎక్స్' అనే ఇంకో దారి కూడా ఉంది, లాగిన్ స్క్రీన్ లేకుండా సూటిగా డెస్క్‌టాప్‌లోకి తీసుకెళ్తుంది, దానికి మాత్రం ముందు సుడో తగిలించకండి. కొన్నేళ్ల కిందట ఓ పాత వెర్షన్‌లో నేను అలవాటుకొద్దీ తగిలించేశా, నా హోమ్ ఫోల్డర్‌లోని .ఎక్స్‌అథారిటీ ఫైల్ (డెస్క్‌టాప్ తెరిచే అనుమతి ఉండేది) రూట్, అంటే అడ్మిన్, పేరు మీదకి వెళ్లిపోయింది, ఆ తర్వాత కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా స్క్రీన్ ఓసారి మినుక్కుమని మళ్లీ లాగిన్‌కే వచ్చేది. పాస్‌వర్డ్ మర్చిపోయాననుకుని సగం రాత్రి తల బాదుకున్నా, తీరా చూస్తే ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేస్తే సరిపోయింది.

ఇంకోటి, మీ పాటల ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటే ఆ నల్ల స్క్రీన్ మీద చదవలేరు, ఆ కన్సోల్ ఫాంట్‌లో పట్టేదే 512 ఆకారాలు, మన గుణింతాలూ ఒత్తులూ దానివల్ల కాదు. ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా దీని టెర్మినల్‌లోకి వెళ్లే పద్ధతి) వెళ్తే ఈ గొడవ ఉండదు, అక్కడి టెర్మినల్ కాస్త అటూ ఇటూగానైనా తెలుగు చూపిస్తుంది. వైఫై కనెక్ట్ కాకపోతే 'ఎన్‌ఎమ్‌టీయూఐ' కొట్టండి, మెనూ వస్తుంది.

మనసు మారితే మొదటి కమాండ్‌నే చివర గ్రాఫికల్.టార్గెట్ అని మార్చి కొట్టండి.