పరిపాలన వైపు అడుగు వేస్తున్న చరిత్ర అధ్యాపకురాలికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రిజిస్ట్రార్ బాధ్యత తీసుకొమ్మని విశ్వవిద్యాలయం అడుగుతున్నదనీ, ఒప్పుకుంటే పరిశోధన అటకెక్కుతుందేమోనని బెంగగా ఉన్నదనీ రాశావు. ఒప్పుకో, బిడ్డా. అయితే చరిత్రకారిణిగానే ఆ గదిలో కూర్చో. ఒక కాగితాన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏ సంగతిని రాయకుండా వదిలేశారు అని అడగడం నీకు ఎన్నో ఏండ్లుగా అలవాటైన పని. పరిపాలనలో అంతకంటే పెద్ద అర్హత ఇంకొకటి ఉన్నదని నేను అనుకోను.

ఫైలు బల్ల మీదికి రాగానే సంతకం కోసం ఖాళీ వదిలిన చోటుకు నేరుగా పోకు. నోటు ఫైలును మొదటి పేరా నుంచి చదువు. సెక్షన్ అసిస్టెంటు రాసిన నోటుకూ, దాని కింద సూపరింటెండెంటు చేర్చిన రెండు పంక్తులకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో తేదీలు చూడు. ‘ఆమోదించవచ్చును’ అనడానికి ఆధారంగా చూపిన పాత ఉత్తర్వు జత కాగితాలలో నిజంగా ఉన్నదో లేదో తిరగేసి చూడు. నల్లగొండ పక్కనున్న పానగల్లులో శాసనం చదివేటప్పుడు దాత బిరుదావళి దగ్గర కాక, దానమిచ్చిన భూమి ఎల్లలు చెప్పే పంక్తుల దగ్గర ఆగమని మీ తరగతికి చెప్పేవాణ్ని. ఫైలులో కూడా అసలు సంగతి అటువంటి చోటే దొరుకుతుంది.

ఎల్లల మాట ఊరికే అనలేదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ రెండు పట్టణాలలోనూ ఉస్మానియా వారి పి.జి. కేంద్రాలు ఉండేవి. వయసులో చిన్నవైన ఇటువంటి సంస్థలకు భూమే మొదటి ఆస్తి, దాని కాగితాలే మొదటి రక్షణ. సేత్వార్‌లో, అంటే తొలి సర్వే నాటి భూమి రికార్డులో, సర్వే నంబరు ఏ పేరున ఉన్నది, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో, అంటే ఊరి భూముల పట్టికలో, కబ్జా ఎవరిదని రాశారు, ఆ తరువాత భూమిని అప్పగించిన ఉత్తర్వులో విస్తీర్ణం ఎంత అన్నది నీవే స్వయంగా సరిచూడు. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి కాబట్టి, పరిశోధన కోసం నీవు నేర్చుకున్న ఆ లిపి ఇక్కడ అక్కరకు వస్తుంది. సర్వేయరును వెంటబెట్టుకొని హద్దురాళ్ల వెంట ఒకసారి నడిచి రా.

పదవి వల్ల చదువు ఆగిపోతుందన్న భయానికి నాకు తోచే జవాబు ఇద్దరు పెద్ద చరిత్రకారుల జీవితం. జదునాథ్ సర్కార్ 1926 నుంచి 1928 వరకు కలకత్తా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. మొగల్ సామ్రాజ్య పతనంపై ఆయన నాలుగు సంపుటాలూ ఆ తరువాతనే, 1932 నుంచి 1950 దాకా వెలువడ్డాయి. ఆర్.సి. మజుందార్ 1937 నుంచి 1942 వరకు ఢాకా విశ్వవిద్యాలయ ఉపకులపతి. ఆ విశ్వవిద్యాలయం ప్రచురించిన బెంగాల్ చరిత్ర మొదటి సంపుటానికి మజుందార్, రెండవదానికి సర్కార్ సంపాదకులు. అవి 1943లో, 1948లో వచ్చాయి. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. నీవు కూడా ఉదయం కార్యాలయానికి వెళ్లేలోపు కొంత సమయాన్ని నీ రాతకు ఉంచుకో, వీలైన నెలలలో తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లు. కొత్త పుస్తకం మొదలుపెట్టవద్దు. చేతిలో ఉన్న దేవరకొండ పరిశోధనను పూర్తి చెయ్యి.

పాలకమండలి సమావేశపు మినిట్స్ విషయంలో మాత్రం ఎవరు చెప్పినా మెత్తబడకు. ఒక సభ్యుడు అభ్యంతరం చెబితే ఆ అభ్యంతరాన్ని ఆయన మాటలలోనే రాయించు, ‘చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అన్న వాక్యం కింద దాన్ని పాతిపెట్టనియ్యకు. రేపు ఈ సంస్థ చరిత్ర రాసేవారికి మిగిలే ఆధారం అదే. జూబిలీ సంచికలలోని పొగడ్తలతో చరిత్ర రాయలేమని నీకు వేరే చెప్పనక్కరలేదు.

పిల్లలను మరచిపోకు. తల్లిదండ్రులు వలస వెళితే తాత, అమ్మమ్మల దగ్గర పెరిగి వచ్చిన పాలమూరు పిల్లలూ, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన మునుగోడు ఆడపిల్లలూ పరీక్ష ఫీజు గడువు తేదీ దగ్గర పడ్డప్పుడు ఎవరిని అడగాలో తెలియక నిలబడతారు. స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే హాల్‌టికెట్ ఆపకూడదన్న ఉత్తర్వును నీ సంతకంతోనే పంపు. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పిన హామీ నిలవదు.

ఉపకులపతి పదవి మాట కూడా అడిగావు. అడగడంలో తప్పు లేదు. యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసరుగా కనీసం పదేళ్ల అనుభవం, లేదా పేరున్న పరిశోధన, విద్యా పరిపాలన సంస్థలో అంత అనుభవం కావాలి. అన్వేషణ కమిటీ సూచించిన పేర్లలోంచి మన రాష్ట్రంలో కులపతి హోదాలో గవర్నరు మూడేళ్ల కాలానికి నియమిస్తారు. ఆ పదేళ్ల లెక్క దగ్గరే చాలామంది దరఖాస్తులు చిక్కుల్లో పడతాయి. కాబట్టి నీవు ప్రొఫెసరుగా ఏ తేదీ నుంచి పరిగణింపబడ్డావో చెప్పే ఉత్తర్వు ప్రతిని ఇప్పుడే ఉద్యోగుల వివరాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి తీసుకొని, సర్వీసు రిజిస్టరులోని నమోదుతో సరిచూసి, తేడా కనిపిస్తే రిజిస్ట్రార్‌గా చేరకముందే దిద్దించుకో. ఆ కుర్చీలో కూర్చున్న తరువాత నీ రిజిస్టరును నీవే దిద్దించుకోవడం పద్ధతి కాదు.

ఆశీస్సులతో,
నీ గురువు