వాకర్‌తో నడిచే పిల్లలకు ఊళ్ళోనే వ్యాయామం: ఏం చేయించాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

మీరు అడిగింది ఇది: అమ్మాయికి 14 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినే పరిస్థితి) వల్ల రెండు కాళ్ళూ బిగుసుకుని ఉంటాయి, వాకర్‌తో నడుస్తుంది, ఫిజియోథెరపీ వారానికి ఒక్కరోజే. ఊళ్ళో ఇలాంటి పిల్లలు ఇంకో ఐదుగురున్నారు. అందరినీ స్కూలు వరండాలో చేర్చి వ్యాయామం చేయించొచ్చా, ఏమేం కొనాలి?

తప్పకుండా చేయించొచ్చు, కొనాల్సింది కూడా తక్కువే. కాకపోతే ఒక మాట ముందే చెప్పాలి. కాళ్ళు సాగదీయడం, నూనె రాసి మర్దన చేయడం వ్యాయామం కిందికి రావు. ఈ పిల్లల కండరాలు బిగుతుగా ఉండటమే కాదు, బలహీనంగా కూడా ఉంటాయి. బరువు పెడితే బిగుతు ఇంకా పెరుగుతుందని ఇంట్లో పెద్దలు వద్దంటారు. అది పాత భయం. పద్ధతిగా చేయించిన బలం వ్యాయామాల వల్ల బిగుతు పెరగదని చాలా అధ్యయనాల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్న 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు కూడా రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే పని ఉండాలనీ, వారానికి కనీసం మూడు రోజులు కండరాలకు బలమిచ్చేవి చేయాలనీ చెప్పారు.

మొదటి రోజుకంటే ముందే ఆరుగురినీ ఒక్కసారి ఫిజియోథెరపిస్టుకు చూపించండి. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రం) ఉంటే అక్కడ అడగండి. దీనికి పెద్ద కారణమే ఉంది. "నడవలేడు" అనే ఒక్క మాట కింద వేరువేరు జబ్బులుంటాయి. ముందు బాగానే నడిచి, ఏడాదికేడాది ఎక్కువగా పడిపోతూ, తొడల మీద చేతులు ఆనించి లేచే మగపిల్లాడుంటే అది కండర క్షీణత కావచ్చు. వాడికి బరువులతో చేయిస్తే ఉన్న కండరం కూడా దెబ్బతినొచ్చు. స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోకపోవడం) ఉన్న పిల్లలకు పాదాల్లో స్పర్శ ఉండకపోవచ్చు, గీసుకున్నా తెలియదు. పైగా వాళ్ళలో చాలామందికి రబ్బరు పాలతో చేసిన వస్తువులు (లేటెక్స్) పడవు, అలర్జీ వస్తుంది కాబట్టి సాగే రబ్బరు పట్టీలు వాళ్ళ దగ్గర వాడొద్దు. మూర్ఛ ఉన్నవాళ్ళు ఆ రోజు మందు వేసుకున్నారో లేదో అడిగాకే మొదలుపెట్టండి.

ఇక వ్యాయామం. ఒక్కటే నేర్పగలిగితే స్టూలు మీద కూర్చుని లేవడం నేర్పండి. కూర్చున్నప్పుడు మోకాళ్ళకంటే తుంటి కాస్త ఎత్తులో ఉండాలి. పాదాలు తుంటి వెడల్పున, మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి, మడమలు నేలకు ఆని ఉండాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా వంగి, అప్పుడు లేవాలి. దిగేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ దిగాలి, ధబ్బున కూలబడితే సగం పని పోయినట్టే. మొదటి రెండు వారాలు ఒకటో రెండో విడతలు చాలు. ఆ తర్వాత 8 నుంచి 12 సార్లు చొప్పున మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. చేతులతో నెట్టుకుంటోందంటే స్టూలు తక్కువ ఎత్తులో ఉన్నట్టు, మీద చెక్క వేసి ఎత్తు పెంచండి. 12 సార్లూ తీరుగా వస్తోందంటే వీపు సంచిలో అరకిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టండి. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి. నవ్వుతూ 20 సార్లు లేచిందంటే బలం పెరగదు, లెక్క మాత్రమే పెరుగుతుంది.

ఇందులో వచ్చే తప్పులు రెండు. మోకాళ్ళు లోపలికి ముడుచుకుపోతే బరువు తీసేసి, మోకాలు రెండో వేలి వైపు వెళ్ళేలా మాటతో సరిచేయండి. మడమ లేచిపోతోందంటే పిక్క బిగుతుగా ఉందన్నమాట. చీలమండ దగ్గర వంగని గట్టి స్ప్లింట్ (పాదానికీ పిక్కకూ తొడిగే ఆసరా) వేసుకున్న పిల్లలు తక్కువ స్టూలు మీంచి లేవలేరు. అది బద్ధకం కాదు, చీలమండ ముందుకు వంగనివ్వకపోవడం. స్టూలు ఎత్తు పెంచండి, లేదంటే ఆ కాసేపు స్ప్లింట్ తీయొచ్చా అని ఫిజియోనే అడగండి.

రెండోది పీట ఎక్కి దిగడం. గట్టి చెక్క పీట, 10 సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టి 15 వరకు. ఇటుకలు పేర్చొద్దు, జారతాయి. పీట కింద రబ్బరు షీటు వేసి గోడకు ఆనించండి, పక్కన కిటికీ ఊచలో వరండా రెయిలింగో చేతికి అందాలి. సాయం చేసేవాళ్ళు బలహీనమైన కాలి వైపు, కాస్త వెనగ్గా నిలబడి నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోవాలి. చెయ్యి పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది.

ఊపిరి కోసం వాకర్‌తోనే వేగంగా 20 సెకన్లు, నెమ్మదిగా 60 సెకన్లు, ఇలా ఆరుసార్లతో మొదలుపెట్టి నెలలో పదికి తేవాలి. రెండు మూడు మాటలు అనగలిగి, పాట పాడలేకపోతే వేగం సరిపోయినట్టు. మట్టి గ్రౌండులో వాకర్ చక్రాలు దిగబడతాయి కాబట్టి సిమెంటు నేల వెతకండి. వాకర్ ఎత్తు కూడా చూడండి: చేతులు వేలాడదీసినప్పుడు పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కాళ్ళ చివరి రబ్బరు బుష్‌లు అరిగి లోహం కనిపిస్తుంటే ఆ రోజు ఆ వాకర్ వాడనివ్వొద్దు.

ఆటలు ఆఖర్న పెట్టండి, అలిసిన కాళ్ళతో బరువు పని చేయించొద్దు. మన నేలా-బండా ఆట దీనికి చక్కగా సరిపోతుంది: గోడ పొడవునా పీటలే బండలు, దొంగ తాకడానికి బదులు మెత్తటి గుడ్డబంతి విసరాలి, తొయ్యడం ఉండదు. తొక్కుడుబిళ్ళ గళ్ళు సుద్దతో గీసి, గెంతకుండా అడుగు వేయమనండి. పిల్లను బట్టి గడి వెడల్పు మార్చుకోవచ్చు. బోచ్చా (కూర్చుని గురి చూసి బంతులు విసిరే ఆట) చాలామందికి నచ్చుతుంది, గురికి మంచిదే, కానీ అందులో ఊపిరి పని ఉండదు, దాన్ని నడకకు బదులు లెక్కేయకండి.

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో, గంటసేపు. మూడోరోజు ఇంట్లో. మొదటి నెల ఒక్కో పిల్లకు ఒక్కో మనిషి ఉండాలి, అందుకే తల్లిదండ్రులు కూర్చుని చూడకుండా చేయించేవాళ్ళుగా రావాలి. ఎండాకాలం ఉదయం ఏడులోపు ముగించండి. మర్నాడు తొడలు, పిక్కలు నొస్తే ఫరవాలేదు. తుంటిలో, గజ్జల్లో నొప్పి అంటే ఆపి ఎక్స్‌రేకి పంపాలి, ఈ పిల్లల్లో తుంటి కీలు పక్కకు జరగడం తరచుగా కనిపిస్తుంది. స్ప్లింట్ తీశాక చర్మం మీద ఎరుపు అరగంటలో పోకపోతే దాన్ని తయారుచేసినవాళ్ళకు చూపించి సరిచేయించాలి.

నోటు పుస్తకంలో ఒక్కో పిల్లకు ఒక పేజీ పెట్టి స్టూలు ఎత్తు, బరువు, ఎన్నిసార్లు అన్నవి రాయండి. నెలకోసారి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేస్తోందో చూడండి. తేడా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, నాలుగో వారంలో "ఏం మారలేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ.

అమ్మాయి అందరి ముందూ చేయడానికి సిగ్గుపడుతోందన్నారు. ఆరేళ్ళ పిల్లల వరసలో నిలబెట్టకండి, తన ఈడు వాళ్ళతో జత చేయండి, పట్టుకోవడానికి ఆడవాళ్ళే ఉండాలి. వాకర్‌తో వెళ్ళగలిగే మరుగుదొడ్డి దగ్గర్లో ఉందో లేదో ముందే చూడండి, అది లేకే చాలామంది అమ్మాయిలు రెండోవారం రారు. బట్టలు ట్రాక్ ప్యాంటు, టీషర్టు. చున్నీ వద్దు, వాకర్ ముందు చక్రంలో చుట్టుకుంటుంది.