పెళ్లిపత్రికలో ‘చందా చెల్లించగలరు’ అనవచ్చునా?

సందేహం: మా అమ్మాయి పెళ్లి హైదరాబాదులోనే ఒక ఫంక్షన్ హాల్లో చేస్తున్నాం. భోజనాల ఖర్చు మాకు భారమవుతోంది. బహుమతులకు బదులు ఆ ఖర్చులో పాలుపంచుకోమని బంధుమిత్రులను అడగాలనుకుంటున్నాం. ‘భోజన వ్యయం నిమిత్తం ప్రతి కుటుంబం రూ. 2,000 చందాగా చెల్లించగలరు’ అని శుభలేఖలో వేయవచ్చునా? ‘చందా’కు బదులు ‘చదివింపు’ అంటే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

సమాధానం: ముందు వ్యాకరణం సంగతి. ‘ప్రతి కుటుంబం’ ఏకవచనం కనుక దాని పక్కన ‘చెల్లించగలరు’ పొసగదు. అంతకంటె ముఖ్యమైనది, ‘చెల్లించగలరు’ కరెంటు బిల్లు మీదా, ఫీజు కౌంటరు దగ్గరా కనిపించే మాట. శుభలేఖ అందుకున్న మేనత్తకో బాబాయికో అది బాకీ వసూలులా వినిపిస్తుంది. ‘చందా’ వినాయక మండపానికో, గుడి మరమ్మతుకో, సంఘ సభ్యత్వానికో వసూలు చేసేది. ‘విరాళం’ కూడా అంతే.

‘చదివింపు’ మంచి మాటే గాని, ఇక్కడ అతకదు. పెళ్లిపీటల దగ్గర ఫలానావారు ఇంత ఇచ్చారని అందరూ వినేలా పైకి చదివే ఆచారం ఉంది గనుక ఆ పేరు వచ్చింది. ‘మేనమామ వెయ్యినూటపదహార్లు చదివించాడు’ అంటాము; పెళ్లివారు తామే ‘మాకు చదివించండి’ అనరు. ఎంత చదివించాలన్నది కూడా ఇచ్చేవారి ఇష్టమే: 116 కావచ్చు, 516 కావచ్చు. (నిజాం కాలంలో అక్కడి సొంత నాణెమైన హాలీ సిక్కా రూపాయలు 116, పైన కొంత చిల్లర ఇస్తే 100 బ్రిటిషు రూపాయలు వచ్చేవనీ, నూటపదహార్ల వాడుక అందువల్లనే వచ్చిందనీ మన నగరంలో పెద్దలు చెప్పుకుంటారు.) 2,000 అని మీరే నిర్ణయించిన తరువాత దానిని చదివింపు అనలేము. ‘కట్నం’ జోలికి అసలే పోవద్దు. ఒకప్పుడు గౌరవంగా ఇచ్చే కానుకకు చెల్లిన ఆ మాటను ఈనాడు ఎవరైనా వరకట్నంగానే అర్థం చేసుకుంటారు.

శుభలేఖ పిలుపు కోసం. అందులో పైకం మాట, చెల్లింపు కోసం క్యూఆర్ కోడ్ రెండూ వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఇవ్వలేని బంధువు అది చూసి పెళ్లికే రావడం మానుకుంటాడు. కష్టసుఖాలు చెప్పుకోగలిగిన దగ్గరివారిని మాత్రం అడగడంలో తప్పేమీ లేదు. పదిమందీ తలా ఒక చెయ్యి వేసి పెళ్లి గట్టెక్కించడం మన ఇళ్లలో కొత్త కాదు. ఇంత ఇవ్వాలని అంకె చెప్పకుండా, వీలైతే స్వయంగా వెళ్లి అడగండి, లేదా విడిగా ఇలా రాయండి:

‘అమ్మాయి పెళ్లి భోజనాల ఖర్చు మా ఒక్కరి వల్ల అయ్యేలా లేదు. బహుమతి తెచ్చే ఆలోచన ఉంటే దానికి బదులు, మీకు వీలైనంతలో ఆ ఖర్చుకు సాయపడవలసిందిగా కోరుతున్నాము. వీలు కాకపోయినా మీరంతా తప్పక రావాలి.’

ఇందులో చివరి వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసివేయవద్దు.