సంఘం బాధ్యత తలకెత్తుకున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికాలో మీ నగరంలోని తెలుగు సంఘం చేత జాతివివక్షకు వ్యతిరేకంగా తీర్మానం చేయించబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. నియమావళిలో చేర్పించడం, బడ్జెట్టులో సొమ్ము కేటాయించడం, ఒకరికి బాధ్యత అప్పగించడం నీకు తెలిసినవే. అసలు చిక్కు "మనకెందుకీ రాజకీయాలు" అన్న మాట దగ్గర వస్తుంది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతలో "నా దేశం విడిచి పో" అని అరుస్తూ ఒక తెల్లజాతీయుడు మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినప్పుడు మా సంఘం సంతాప సభ పెట్టింది. మేము పిలవకపోయినా నల్లజాతీయుల చర్చి పాస్టరు తన వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చి, ఆ చలిలో చివరిదాకా మా మధ్య నిలబడ్డారు. 2020 మేలో మినియాపొలిస్ పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు మోపి చంపాక, అదే పాస్టరు తమ సభకు రమ్మని ఉత్తరం రాస్తే, పన్ను మినహాయింపు పోతుందేమోనన్న భయంతో మా కార్యవర్గం జవాబైనా ఇవ్వలేదు. మన సంఘాల్లా పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) సంస్థలు ఎన్నికల్లో అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదు గానీ, వివక్షను ఖండించడానికి ఆ చట్టం అడ్డురాదు. మరుసటి ఏడు ఆసియావాసుల మీద దాడులు జరుగుతున్నప్పుడు ఆ చర్చి తోడు కోరడానికి మాకు ముఖం చెల్లలేదు. అందుకే ఆ పన్ను మినహాయింపు నిబంధనను అచ్చువేయించి మొదటి సమావేశంలోనే అందరి చేతిలో పెట్టు.

మన కష్టంతోనే పైకొచ్చామనేవారికి 1965 నాటి అమెరికా వలస చట్టాన్ని గుర్తుచెయ్యి. అంతకు ముందు ఇక్కడికి వలస వచ్చే భారతీయుల కోటా ఏడాదికి 100 మాత్రమే. నల్లజాతీయులు దెబ్బలు తిని నడిపిన పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే ఆ కోటాలు రద్దయ్యాయి.

"అది నల్లోళ్ళ ఏరియా, అక్కడ ఇల్లు కొనకండి" అన్న మాట మన భోజనాల దగ్గర వినపడినప్పుడు తల వంచుకొని తినేసి, వేదికెక్కి ప్రసంగిస్తే నిన్నెవరూ నమ్మరు. పదవులను కులాల లెక్కన పంచుకునే అలవాటును పట్టించుకోకుండా వదిలేసినా అంతే. అలాగని పెద్దవాళ్ళను నలుగురిలో నిలదీయకు. ఇంటికి వెళ్ళి మాట్లాడు. నీకు కోపం ఎక్కువ, తల్లీ.

నువ్వింకా హెచ్1బీ వీసా మీదే ఉన్నావు, నా భయమంతా అదే. ఊరేగింపులకు ఒంటరిగా వెళ్ళకు, వకీలు నంబరు దగ్గర ఉంచుకో. తీర్మానం ముసాయిదా నాకు పంపు, జనరల్ బాడీకి ముందే చదివి పెడతాను.

నీ మామయ్య