ముతక రాగి, జింక్ రేణువులు ఫ్లోటేషన్‌లో ఎందుకు తేలవు?

ఫ్లోటేషన్ అంటే పొడి చేసిన ఖనిజాన్ని నీటిలో గాలి బుడగలకు అంటించి, పైకి తేల్చి వేరుచేయడం. అది జరిగే తొట్టి సెల్. మామూలు ఫ్లోటేషన్ సెల్‌లో సుమారు 150 మైక్రాన్లు దాటిన రాగి, జింక్ ఖనిజ రేణువులు ఎక్కువగా పోయేది బుడగకు అంటుకోక కాదు, అంటుకున్నాక ఊడిపోయి. రేణువు అడ్డుకొలత 100 నుంచి 300 మైక్రాన్లకు పెరిగితే బరువు 27 రెట్లవుతుంది. బుడగ దాన్ని పట్టుకునే అంచు మాత్రం మహా అయితే 3 రెట్లు. సెల్‌ను కలియబెట్టే చక్రం, అంటే ఇంపెల్లర్, లేపే సుడుల్లో ఆ పట్టు నిలవదు. రాయిలో ఇరుక్కుని, ఖనిజం ఒక పక్కనే బయటికి కనిపించే రేణువైతే మరీ కష్టం.

ఆస్ట్రేలియాలోని కేడియా బంగారు, రాగి గనిలో 2018లో ఇందుకే ఇంపెల్లర్ లేని హైడ్రోఫ్లోట్ సెల్‌ను పెట్టారు. టెయిలింగ్స్‌లోంచి, అంటే ఖనిజం తీశాక మిగిలే వ్యర్థంలోంచి, మెత్తటి బురద తీసేసి ముతకను మాత్రమే అందులోకి పంపుతారు. అడుగు నుంచి వచ్చే నీరు రేణువుల పరుపును వదులుగా తేల్చి ఉంచుతుంది, బుడగ పట్టిన రేణువు నెమ్మదిగా పైకెక్కి పొర్లిపోతుంది. బురద సరిగా తీయకపోతే అదీ నీటితోపాటు పొర్లి కాన్సన్‌ట్రేట్‌ను (వేరుచేసిన ఖనిజాన్ని) పాడుచేస్తుంది.

ఖనిజం బుడగకు అంటేలా చేసే రసాయనం జాంథేట్‌ను ఇంకాస్త పోసి, ఇంపెల్లర్ వేగం పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వేగం పెరిగితే ముతక రేణువులు ఇంకా ఊడతాయి, జాంథేట్ అతిగా పడితే అక్కర్లేని ఇనుప ఖనిజం పైరైట్ కూడా తేలుతుంది. జింక్‌కైతే ముందు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చూడాలి: అది లేకుండా జింక్ ఖనిజమైన స్ఫాలరైట్‌కు జాంథేట్ సరిగా పట్టదు.