డిగ్రీలో సంగీతం లేకపోయినా ఎం.ఏ. మ్యూజిక్‌లో చేరవచ్చా?

మీరు బీకాం చదివారు, పదేళ్ళుగా గురువుగారింట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు, ఇప్పుడు ఎం.ఏ. మ్యూజిక్ చేద్దామని ఉంది, చేరనిస్తారా, పరీక్షలో ఏం అడుగుతారు, చేశాక ఏముంటుంది అని అడిగారు. చాలాచోట్ల చేరనిస్తారండి. నేను బీఎస్సీ కెమిస్ట్రీ నుంచి వెళ్ళాను. కాకపోతే మొదటి ఏడాది నాకు సీటు రాలేదు, రెండో ఏడాది వచ్చింది. ఆ మధ్యలో జరిగింది చెబితేనే మీకు పనికొస్తుంది, మిగతా అర్హతలూ ఫీజులూ నోటిఫికేషన్‌లో ఎలాగూ రాసి ఉంటాయి.

నేను పదకొండేళ్ళు మాస్టారి ఇంటి వసారాలో నేర్చుకున్నాను. ఆయన పాడేవారు, మేం అనేవాళ్ళం. నోటుపుస్తకంలో సాహిత్యం మాత్రం రాసుకునేవాళ్ళం, స్వరం ఎప్పుడూ రాయలేదు. అలా నేర్చుకున్న పాట గొంతులో ఎంత గట్టిగా కూర్చుంటుందంటే ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా ఒక్క సంగతి జారకుండా పాడతాను. ఆ ధైర్యంతోనే ఎంట్రన్స్‌కి వెళ్ళాను. టేబుల్ వెనక ముగ్గురు కూర్చున్నారు, పక్కన శ్రుతి పెట్టె మోగుతోంది. ఐదున్నర శ్రుతి పెట్టమని భైరవి రాగంలో విరిబోణి వర్ణం ఎత్తుకున్నాను, రెండు కాలాల్లో. అట తాళం, 14 అక్షరాలు, ఐదు ఐదు రెండు రెండు, చెయ్యి ఎక్కడా తడబడలేదు. ముగ్గురూ తలలూపారు. సీటు వచ్చేసిందనే అనుకున్నాను.

అప్పుడు మధ్యలో కూర్చున్న మేడమ్ ఒక తెల్లకాగితం, పెన్సిలు నా ముందుకు జరిపి, "పల్లవి మొదటి ఆవర్తనం స్వరాల్లో రాయమ్మా, చాలు" అన్నారు. ఆవర్తనం అంటే తాళం ఒక చుట్టు. గీతలు గీసి గళ్ళు వేశాను. లోలోపల పాడుకుంటూ ఒక్కో స్వరం రాస్తున్నాను. నాలుగైదు గళ్ళు నిండాక పాటే ముందుకు వెళ్ళిపోతోంది, పెన్సిలు అందుకోలేకపోతోంది. మళ్ళీ మొదటి నుంచి పాడుకోవడం, మళ్ళీ అక్కడే ఆగిపోవడం. చివరికి ఒక చోట "ద" అని ధైవతం రాశాను. "ఏ ధైవతం?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "నువ్వు ఇప్పుడు పాడిన భైరవిలో రెండు ధైవతాలు ఉన్నాయి కదా, ఎక్కేటప్పుడు చతుశ్రుతి, దిగేటప్పుడు శుద్ధం. మరి దీన్ని నఠభైరవి మేళంలో ఎందుకు చెబుతారు?" మేళం అంటే రాగాలు పుట్టే మూల స్వరవరుస. నేను నోరు తెరవలేదు. ఆవిడ విసుక్కోలేదు, నా చేతిలో పెన్సిలు తీసుకుని ఆ "ద" పక్కన చిన్న గుర్తు పెట్టి, "సరిగ్గానే పాడావమ్మా, పాడిన దాన్ని ఎప్పుడూ చూసుకోలేదు, అంతే" అన్నారు. బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్న అమ్మాయి విజయనగరం సంగీత కళాశాలలో డిప్లొమా చేసి వచ్చింది. ఆ అమ్మాయి గొంతు నాకంటే పలచన, కానీ అడిగిందల్లా చకచకా రాసి ఇచ్చి వచ్చేసింది. సీటు తనకి వచ్చింది. న్యాయంగానే వచ్చింది.

ఇంటికొచ్చి మాస్టారికి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారుజామున రమ్మని, నేను వెళ్ళేసరికి ట్రంకుపెట్టెలోంచి సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే స్వరలిపి గ్రంథం తీసి ఉంచారు. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన పుస్తకం, వెయ్యి పేజీలు దాటిన గ్రంథం, ఎక్కడో తమిళదేశంలో అచ్చయినా తెలుగు లిపిలోనే ఉంది. ఒక్కో స్వరం మీద ఏ గమకం (స్వరాన్ని ఊపే తీరు) పడాలో దానికో గుర్తు, కంపితం అనే గమకానికి స్వరం పైన వంకర గీత. తమిళనాట విద్యార్థులు ఈ పుస్తకాన్ని అనువాదాల్లో చదువుకుంటున్నారు, మనకు నేరుగా చదివే వీలుండి కూడా దాన్ని తెరవం. నాకు ఆ రోజు నిజంగా కోపం వచ్చింది, పదకొండేళ్ళు ఆ పెట్టె పక్కనే కూర్చుని పాడాను కదా అని. భైరవి అందులో నారీరీతిగౌళ మేళం కింద ఉంటుంది, మన 20వ మేళానికి, అంటే నఠభైరవికి, ఆ సంప్రదాయంలో పేరు అది. మేళంలో లేని చతుశ్రుతి ధైవతం అన్యస్వరంగా, అంటే బయటి స్వరంగా వస్తుంది కాబట్టి అది భాషాంగ రాగం. ఇంతే సమాధానం. రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలకు నాకు ఒక ఏడాది పట్టింది.

ఆ ఏడాదంతా ఒకటే పని, రోజూ నాకు బాగా వచ్చిన పాటనే తీసుకుని రాయడం. కొత్త కీర్తన ఒక్కటీ నేర్చుకోలేదు. మొదటి నెల ఒక వర్ణం పల్లవి రాయడానికి రెండు గంటలు పట్టేది, సంక్రాంతి వచ్చేసరికి పాడుతుంటేనే గళ్ళు కళ్ళ ముందు కనిపించేవి. అందుకే అంటున్నాను, ఎం.ఏ. ఎంట్రన్స్‌కి కోచింగ్ అక్కర్లేదు, మీ గురువుగారే చాలు, ఆయన్ని అడగాల్సింది మాత్రం వేరు.

ఇక ఎక్కడ చదవాలి అంటే, మన దగ్గర వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, అది ఆడపిల్లలకు మాత్రమే. హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, ఇప్పుడు దానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు. మద్రాసు యూనివర్సిటీలో ఇండియన్ మ్యూజిక్ శాఖ ఉంది, సంగీత శాస్త్రజ్ఞుడు సాంబమూర్తి గారు పనిచేసిన చోటు, లక్షణం (సంగీత శాస్త్రం) మీద ఇష్టం ఉంటే దాన్ని మించింది నాకు కనిపించదు. ఢిల్లీ యూనివర్సిటీలో కూడా కర్ణాటక సంగీతంలో ఎం.ఏ. ఉంది, ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఎక్కడైనా మామూలుగా రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు, సగం ప్రాక్టికల్ సగం థియరీ. అర్హత పేరాలో "సంగీతంలో డిగ్రీ" అని మాత్రమే ఉందా, "ఏదైనా డిగ్రీతో పాటు డిప్లొమా" అని ఉందా, "ప్రవేశ పరీక్షలో ప్రతిభ" అని ఉందా, ఈ మూడింట్లో ఏదో చూసుకోండి. గురువుగారు చేత్తో రాసిచ్చిన ఉత్తరం మాత్రం నాకు చెల్లలేదు. నేనొక చోట కౌంటర్ దగ్గర ఇస్తే ఆ గుమాస్తా చదవకుండానే వెనక్కి తోసేశాడు. పదకొండేళ్ళ చదువుకి అంతకంటే సాక్ష్యం ఇంకేముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు, ఆ దెబ్బ ఇంకా గుర్తుంది.

మీకు ఇంకా ఒకటి రెండేళ్ళు టైమ్ ఉంటే, దగ్గర్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉందేమో చూసి డిప్లొమా చేసి వెళ్ళండి. విజయనగరం కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారు. అలాంటి కాలేజీలు ఉన్న రాష్ట్రంలో పిల్లల్ని టీవీ పాటల పోటీలకి తిప్పడానికి లక్షలు పోసే తల్లిదండ్రులు, పక్క వీధిలోని కళాశాల ఫీజు ఎంతో కూడా కనుక్కోరు. మొన్న ఒకావిడ నన్నే అడిగింది, "పాటలు పాడుకోవడానికి ఎం.ఏ. ఎందుకండీ" అని. పాడుకోవడానికి కాదు. పాడినదేమిటో ఇంకొకరికి చెప్పగలగడానికి.

ఉద్యోగం సంగతి. కాలేజీలో లెక్చరర్ కావాలంటే ఎం.ఏ.లో 55 శాతం, పైన యూజీసీ నెట్ లాంటి అర్హత పరీక్ష. నెట్‌లో సంగీతం సబ్జెక్ట్ కోడ్ 16, మూడు గంటలు, రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. పాడమని ఎవరూ అడగరు, సంగీతం పేపరంతా లక్షణమే, అక్కడ కూడా నా భైరవి లాంటి ప్రశ్నలే. 2024 నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికొస్తోంది. కచేరీ కళాకారులకు వేరే దారి ఉంది, ఆకాశవాణి ఏ గ్రేడ్ ఉన్నవాళ్ళను కొన్ని షరతులతో తీసుకోవచ్చని యూజీసీ నిబంధన. కాకపోతే రెగ్యులర్ పోస్టులు ఏళ్ళ తరబడి నింపకుండా గెస్ట్ ఫ్యాకల్టీతో నడిపిస్తుంటే ఎవరు మాత్రం ఎంతకాలం నిలబడతారు? నాతో చదివినవాళ్ళలో ఎక్కువమంది అమెరికా పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నారు, నేనూ అంతే. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడతాను. డబ్బులు బాగానే వస్తాయి, ఆ మాట దాచను.

ఆ పిల్లల తల్లిదండ్రులు అక్కడి మాస్టర్స్ గురించి అడుగుతుంటారు. అక్కడ పాడేవాళ్ళకి ఒక డిగ్రీ, సంగీతాన్ని పరిశోధించేవాళ్ళకి ఇంకో డిగ్రీ, రెండూ వేరు. కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో టి. విశ్వనాథన్, టి. రంగనాథన్ గార్లు ఏళ్ళ తరబడి కర్ణాటక సంగీతం నేర్పారు, అక్కడ ఎం.ఏ. ఉంది. మన సంగీతంతో వెళ్ళాలనుకునేవాళ్ళు మొదట దాన్ని చూడాలి. ఇలాంటి చోట్ల రికార్డింగ్ ఒక్కటే సరిపోదు, మీరు రాసిన వ్యాసం కూడా చూస్తారు. అంటే ఎటు తిరిగినా మళ్ళీ అదే కాగితం, అదే పెన్సిలు.

ఒక్క పని చెబుతాను, అప్లికేషన్ నింపకముందే చేయండి. మీకు అన్నిటికంటే బాగా వచ్చిన వర్ణం తీసుకుని, ఫోను పక్కన పెట్టి, పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం తాళం గళ్ళతో రాయండి. రాశాక మీ గురువుగారికి చూపించి, ప్రతి గమకం దగ్గర "ఇక్కడ ఏం జరుగుతోంది" అని అడగండి. ఆయన చిరాకుపడినా వదలొద్దు. మా మాస్టారు కూడా మొదటి రెండు రోజులు చిరాకుపడ్డారు, మూడో రోజు నుంచి నేను వెళ్ళేసరికే కళ్ళజోడు పెట్టుకుని ఎదురుచూసేవారు.