విలియమ్స్ టీమ్ పడిపోవడానికి క్లెయిర్ ఒక్కతే కారణమా?

"తొమ్మిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు (టీమ్‌లకిచ్చే ఛాంపియన్‌షిప్) గెలిచిన విలియమ్స్ ఫార్ములా 1 కార్ రేసుల టీమ్ అట్టడుగుకి ఎందుకు చేరింది? టీమ్ పెట్టిన ఫ్రాంక్ కూతురు క్లెయిర్‌కి నడపడం చేతకాకేనా?" అని ఒకరు అడిగారు.

చేతకాలేదనడం తేలిక. 2013లో ఆమె డిప్యూటీ టీమ్ ప్రిన్సిపల్ (రోజువారీగా టీమ్‌ని నడిపే పదవి) అయింది. 2018, 2019, 2020 మూడేళ్లూ టీమ్ ఆఖరి స్థానంలోనే ఉంది. 2019లో ఒకే ఒక్క పాయింటు వచ్చింది, 2020లో అదీ లేదు. లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ తేడా మొదలైంది 1996లో అని నా అభిప్రాయం. అప్పటికి క్లెయిర్‌కి ఇరవై ఏళ్లు.

నేను వాహనాల విడిభాగాల కంపెనీల్లో ప్రొడక్షన్ ప్లానింగ్ చేస్తుంటాను. విలియమ్స్‌ని డ్రైవర్ మోంటోయా రోజుల నుంచి టీవీలో చూస్తున్నాను. కాబట్టి కింద రాసిందాంట్లో అభిమానం కొంత, వృత్తి చాదస్తం కొంత ఉంటాయి.

1977లో ఈ టీమ్ పెట్టింది ఫ్రాంక్ విలియమ్స్, ఇంజినీర్ ప్యాట్రిక్ హెడ్ కలిసి. 1986 మార్చిలో ఫ్రాన్స్‌లో పాల్ రికార్డ్ సర్క్యూట్ నుంచి విమానాశ్రయానికి వెళ్తూ కారు ప్రమాదంలో ఫ్రాంక్ మెడ విరిగింది, జీవితాంతం చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. అయినా ఆ ఏడాదీ, మరుసటేడాదీ కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ విలియమ్స్‌దే. ఎందుకంటే ఫ్యాక్టరీలో నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న రెండో మనిషి హెడ్ ఉన్నారు. ఆ తర్వాత అలాంటి మూడో మనిషికి చోటివ్వడమే వాళ్లకి చేతకాలేదు.

ఆ మూడో మనిషి ఎడ్రియన్ న్యూయీ. 1992 నుంచి టైటిళ్లు తెచ్చిన కార్ల వెనక ఉన్న బుర్ర ఆయనదే. ఆయనకి కంపెనీలో వాటా కావాలి, పెద్ద నిర్ణయాల్లో తన మాట చెల్లాలి. ఫ్రాంక్, హెడ్ ఒప్పుకోలేదు. 1996లో ఆయన్ని అడక్కుండానే డ్రైవర్ డేమన్ హిల్‌ని ఛాంపియన్ అవుతున్న ఏడాదే వదులుకుని ఫ్రెంట్‌జెన్‌ని తెచ్చుకున్నారు. న్యూయీ పోటీ టీమ్ మెక్‌లారెన్‌కి వెళ్లిపోయాడు. 1998లో డ్రైవర్ల టైటిల్, టీమ్ టైటిల్ రెండూ మెక్‌లారెన్‌వే.

ఇక్కడే చాలామంది తికమకపడతారు: "న్యూయీ పోయాక 1997లో కూడా గెలిచారు కదా?" గెలిచారు, ఆయన గీసి వెళ్లిన కారుతోనే. ఇలాంటిది నేను దగ్గరగా చూశాను. పేరెందుకు లెండి, ఒక కుటుంబ కంపెనీలో ఉన్నప్పుడు మా డిజైన్ హెడ్ వాటా అడిగాడు. "జీతం ఎంత కావాలో చెప్పు, వాటా మాట ఎత్తకు" అన్నారు పెద్దాయన. ఆ డిజైన్ హెడ్ మానేశాక కొన్నాళ్లు ఆర్డర్లు ఇంకా పెరిగాయి కూడా. అన్నీ పాత డ్రాయింగుల మీద వచ్చినవే. ఓనర్లు "చూశారా, ఎవరు పోయినా ఆగదు" అనుకున్నారు. కొత్త మోడల్‌కి కొటేషన్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు.

బీఎండబ్ల్యూ సంగతీ అంతే. 2000 నుంచి 2005 వరకు ఇంజిన్లు ఇచ్చింది, పది రేసులు గెలిచారు, 2003లో టైటిల్‌కి దగ్గరగా వెళ్లారు. అది టీమ్‌నే కొంటానంది. ఫ్రాంక్ అమ్మలేదు. అది వెళ్లి సౌబర్ టీమ్‌ని కొనుక్కుంది. అమ్మకపోవడం ఫ్రాంక్ పరువుకి సంబంధించిన విషయం, అర్థం చేసుకోగలను. కానీ కార్ల కంపెనీలు వందల కోట్లు పోస్తున్న కాలంలో ఇంజిన్ కొనుక్కుని నడిచే టీమ్‌గా మిగలడం అంటే ఏమిటో 2011 చెప్పింది: సీజన్ మొత్తానికి 5 పాయింట్లు. (ఆ మధ్యలో, 2006, 2007ల్లో మన నారాయణ్ కార్తికేయన్ అక్కడ టెస్ట్ డ్రైవర్. రేసు సీటు మాత్రం రాలేదు.)

నాయకత్వం విషయంలో అసలు మలుపు 2012, 2013. ఫ్రాంక్ తర్వాత ఈయనే అనుకున్న ఆడమ్ పార్ 2012 మార్చిలో హఠాత్తుగా తప్పుకున్నాడు. అప్పటికే కొంత వాటా కొని ఉన్న టోటో వోల్ఫ్ జులైలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ అయ్యాడు. అంతకుముందే మే నెలలో బార్సిలోనాలో విలియమ్స్ డ్రైవర్ మాల్డొనాడో గెలిచాడు. సంబరాలు ముగియకముందే గ్యారేజీకి నిప్పంటుకోవడం వేరే కథ. 2013 జనవరిలో వోల్ఫ్‌ని మెర్సిడెస్ ఎత్తుకుపోయింది. అక్కడ వాటాతో పాటు పగ్గాలూ ఇచ్చారు. 2014 నుంచి వరుసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు! విలియమ్స్ కూడా వోల్ఫ్‌కీ, తర్వాత టెక్నికల్ చీఫ్ ప్యాడీ లోవ్‌కీ వాటాలు పెట్టుకోనిచ్చింది, పగ్గాలు మాత్రం ఇంట్లోనే ఉండాలంది. వోల్ఫ్ వెళ్లాక టీమ్ నడిపే బాధ్యత క్లెయిర్‌కి దక్కింది. 2014, 2015ల్లో మూడో స్థానం వచ్చింది నిజమే. అందులో పెద్ద వాటా మెర్సిడెస్ ఇంజిన్‌ది.

క్లెయిర్ తప్పు లేదా? ఉంది. 2019లో బార్సిలోనా టెస్టులకి కారే సమయానికి తయారవలేదు, మొదటి రెండు రోజులు పూర్తిగా పోయాయి. టెక్నికల్ బాధ్యత లోవ్‌దే, ఆ తర్వాత ఆయన్ని సాగనంపారు. కానీ విడిభాగాలు రావడం లేదని నెలల ముందే కనబడాలి. కనబడకపోతే అది ఒక మనిషి పొరపాటు కాదు, ఫ్యాక్టరీ పద్ధతే పాతబడిందని అర్థం.

ఆ సంగతి 2023లో మెర్సిడెస్ నుంచి టీమ్ ప్రిన్సిపల్‌గా వచ్చిన జేమ్స్ వౌల్స్ బయటపెట్టాడు. కారులో సుమారు 20,000 విడిభాగాలు, వాటన్నిటికీ ఒక ఎక్సెల్ షీటు! ఏది ఎక్కడుందో, ఎప్పటికి వస్తుందో, ఎంత ఖర్చో తెలియదు. చదివి నవ్వాను, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మా స్టోర్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఏ బుష్ ఏ ర్యాక్‌లో ఉందో షీటు కంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన సెలవు పెడితే లైన్ ఆగేది. విలియమ్స్‌లోనూ అంతే: 2024 మెల్‌బోర్న్ రేసు ప్రాక్టీసులో డ్రైవర్ ఆల్బన్ గోడకి కొడితే మార్చడానికి స్పేర్ ఛాసిస్ (కారు ప్రధాన చట్రం) లేదు, తోటి డ్రైవర్ సార్జెంట్ కారు లాక్కుని ఆల్బన్‌కిచ్చారు. అమ్మి నాలుగేళ్లవుతున్నా పాత జబ్బు పోలేదన్నమాట.

అమ్మింది 2020 ఆగస్టులో, అమెరికా సంస్థ డోరిల్టన్ క్యాపిటల్‌కి. అంతకుముందే, 2019 చివర్లో, లాభాలు తెచ్చే విలియమ్స్ అడ్వాన్స్‌డ్ ఇంజినీరింగ్‌లో పెద్ద వాటా అమ్మేశారు. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన పరిగెత్తిన ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ రేసు) కార్ల బ్యాటరీలు చేసింది ఆ కంపెనీయే. అప్పటికి దానికి ఈ కుటుంబంతో సంబంధం లేదు.

వౌల్స్ మీద నాకు నమ్మకం ఉంది. ఈ ఏడాది పాయింట్లు పోయినా ఫ్యాక్టరీని ముందు సరిచేద్దాం అని ఓనర్లని ఒప్పించగలిగాడు. 2025లో ఐదో స్థానం, బాకులో డ్రైవర్ సైన్జ్‌కి పోడియం (మొదటి మూడు స్థానాల్లో ఒకటి) వచ్చాయి. గెలుపు మాత్రం 2012 బార్సిలోనా తర్వాత ఇంకా రాలేదు.